గేరు తప్పి ఇంజిన్ దెబ్బతిందా? వేరే ఇంజిన్ ఎక్కించే ముందూ, ఎక్కించాకా చూడాల్సినవి

హైవే మీద ఐదో గేరులో వెళ్తుంటారు. ముందున్న లారీని దాటడానికి నాలుగులోకి లాగబోతే లివర్ కాస్త ఎక్కువ ఎడమకి జరిగి రెండులో పడుతుంది, క్లచ్ వదలగానే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, బండి ముందుకి తూలుతుంది. రెండు సెకన్లలో అంతా అయిపోతుంది. ఆ తర్వాత టికటికమని శబ్దమో వణుకో మొదలైతే చాలామంది చేసే పని ఒకటే, షెడ్డుకి తీసుకెళ్లడం, అక్కడ "ఇంజిన్ పోయింది సార్, వేరేది వేసేద్దాం" అంటే సరే అనేయడం. అలా అనకండి. నిజంగా పోయిందో లేదో కొలిచి తెలుసుకోవచ్చు. మార్చాల్సే వస్తే, కొన్న ఇంజిన్‌ని కూడా బండిలోకి దించకముందే కొలవచ్చు. డబ్బంతా ఈ రెండు చోట్లే వృథా అవుతుంది కాబట్టి ఎక్కువగా వీటి గురించే చెప్తాను.

ముందు ఒక అపోహ సంగతి. "నా బండికి రెవ్ లిమిటర్ ఉంది కదా, ఎలా పాడవుతుంది?" అని అడుగుతారు. లిమిటర్ చేసే పనల్లా రెడ్ లైన్ దగ్గర, అంటే ఇంజిన్ దాటకూడని వేగం దగ్గర, ఇంధనం ఆపేయడమే. న్యూట్రల్‌లో ఎంత రైజ్ చేసినా, మొదటి గేరులో ఎంత తొక్కినా అది కాపాడుతుంది. అదే పనిగా లిమిటర్‌కి కొడుతూ ఉంటే మంచిది కాదు, కానీ ఒకటి రెండుసార్లు తగిలినంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ చెడిపోదు. గేరు తప్పినప్పుడు వ్యవహారం వేరు. అప్పుడు ఇంజిన్‌ని తిప్పేది పెట్రోలు కాదు, రోడ్డు మీద దొర్లుతున్న చక్రాలు. ఇంధనం ఆపినా తిరగడం ఆగదు.

ఎంత తిరిగిందో లెక్క వేయండి

ఇది అన్నిటికంటే ముందు చేయాలి, కాగితం పెన్ను చాలు. మీ బండి గేరు నిష్పత్తులు ఓనర్స్ మాన్యువల్‌లోనో కంపెనీ సైటులోనో దొరుకుతాయి. ఉదాహరణకి ఐదో గేరు 0.75, రెండో గేరు 1.9 అనుకుందాం, ఐదులో 3000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర వెళ్తున్నారు. 3000ని 1.9తో గుణించి 0.75తో భాగిస్తే 7600 వస్తుంది. మీ రెడ్ లైన్ 6200 అయితే ఇంజిన్ దాన్ని 1400 దాటింది. కదిలే భాగాల మీద పడే లాగుడు బలం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే 6200 దగ్గర ఉన్న బలానికి ఇక్కడ దాదాపు ఒకటిన్నర రెట్లు. పిస్టన్ సెకనుకి దాదాపు 127 సార్లు పైకెళ్లి కిందికొస్తోంది, ప్రతిసారీ దాన్ని ఆపి వెనక్కి లాగాల్సింది కనెక్టింగ్ రాడ్డు, దాని రెండు బోల్టులు.

లెక్కలో వచ్చిన అంకె రెడ్ లైన్‌కి మూడు నాలుగొందలు అటూ ఇటూ అయితే పెద్దగా టెన్షన్ పడొద్దు, కంపెనీలు ఆ మాత్రం వెసులుబాటు ఉంచుతాయి. వెయ్యి దాటితే మాత్రం బండి మామూలుగా నడుస్తున్నట్టు కనిపించినా కింద చెప్పిన పరీక్షలు చేయించండి. క్లచ్ పూర్తిగా వదలకముందే మళ్లీ తొక్కేసి ఉంటే ఇంజిన్ లెక్కలోని వేగాన్ని అందుకొని ఉండకపోవచ్చు, అది మీ అదృష్టం. డీజిల్ బండ్లకి రెడ్ లైన్ మామూలుగా 4500, 5000 దగ్గరే ఉంటుంది, పిస్టన్లు బరువు, అందుకే అదే తప్పుకి డీజిల్‌లో జాగా ఇంకా తక్కువ.

ఏది విరుగుతుంది? సాధారణంగా ముందు దెబ్బ వాల్వులుండే పైభాగానికే, అంటే హెడ్‌కే. వాల్వుని మూసేది స్ప్రింగు. వేగం హద్దు దాటితే స్ప్రింగు సమయానికి మూయలేదు, వాల్వు ఇంకా తెరిచి ఉండగానే పిస్టన్ పైకొచ్చి కొడుతుంది. వాల్వు వంగుతుంది, లేదా వాల్వుని నొక్కే రాకర్ ఆర్మ్ విరుగుతుంది, లేదా వాల్వు లాకులు ఊడిపోతాయి. మారుతి, ఫియట్, టాటా బండ్లలో వచ్చిన 1248 సీసీ మల్టీజెట్ డీజిల్‌లో ఇలాంటప్పుడు రాకర్ ఆర్ములే ముందు విరిగి వాల్వులు బతికిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి, అందుకే ఆ ఇంజిన్ ఉన్నవాళ్లు ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) విప్పి చూడకుండా "హెడ్ పోయింది" అన్న మాట నమ్మకండి. ఇక కింది భాగంలో రాడ్డు బోల్టులు సాగడం, రాడ్డు క్రాంక్ అనే ఇరుసుని పట్టుకునే చోట ఉండే బేరింగ్ షెల్స్ తిరిగిపోవడం జరుగుతాయి. ఇవి వెంటనే బయటపడకపోవచ్చు. క్లచ్ ప్లేటు కూడా ఇంజిన్‌తో పాటే అంత వేగంగా తిరిగింది కాబట్టి దాని లైనింగ్ ఊడిపోయి ఉండొచ్చు, దాన్ని ఎవరూ చూడరు.

అప్పటికప్పుడు ఏం చేయాలి

క్లచ్ తొక్కండి, న్యూట్రల్ చేయండి, పక్కకి తీసి ఆపండి. శబ్దం మారినా, ఆయిల్ లైటు వెలిగినా, చెక్ ఇంజిన్ లైటు మినుకు మినుకుమన్నా ఇంజిన్ కట్టేసి మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. "ఒకసారి స్టార్ట్ చేసి విందాం" అనే సరదా చాలా ఖరీదు. వంగిన వాల్వు తల విరిగి సిలిండర్‌లో పడితే హెడ్ పనితో పోయేది కాస్తా సిలిండర్లుండే బ్లాకు మీదకొస్తుంది. టో చేయించండి.

డీజిల్ వాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. టర్బో సీలు పోయి ఇంజిన్ ఆయిల్ గాలి దారిలోకి వస్తే ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగుతూ దానంతటది పెరిగిపోతుంది, తాళం తీసినా ఆగదు, వెనక తెల్లగా పొగ మేఘంలా కమ్మేస్తుంది. అలాంటప్పుడు బండి ఆగి ఉంటే బ్రేకు గట్టిగా తొక్కిపెట్టి పై గేరు వేసి క్లచ్ వదలండి, ఇంజిన్ పట్టుకుని ఆగిపోతుంది. ఆటోమేటిక్ అయితే ఈ దారి లేదు, అందరినీ దించి దూరంగా జరగండి. గాలి పైపు దగ్గర చెయ్యి మాత్రం పెట్టొద్దు.

చేత్తో తిప్పండి, తర్వాతే సెల్ఫ్

షెడ్డులో మొదటి పని స్కానర్ కాదు, పానా. ఆయిల్ లెవెల్, కూలెంట్ చూసి, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేసి, క్రాంక్ పుల్లీ బోల్టుకి సాకెట్ పెట్టి ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పించండి. రెండు చుట్లకి అన్ని సిలిండర్ల పని ఒక విడత పూర్తవుతుంది. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం పెట్టొద్దు, లోపల ఏదో అడ్డుపడింది. హాయిగా తిరిగితే ముందుకెళ్లండి.

ఇప్పుడు బండి కంప్యూటర్‌లోని దోష కోడ్లు చదివే స్కానర్ పెట్టండి. పీ0219 కనిపిస్తే ఇంజిన్ హద్దు దాటి తిరిగిందని కంప్యూటర్ స్వయంగా రాసుకున్నట్టు. అన్ని బండ్లూ ఈ కోడ్ రాయవు, లేదంటే ఏమీ జరగలేదని కాదు. పీ0301 నుంచి పీ0304 దాకా ఏదుంటే ఆ సిలిండర్ మిస్ అవుతోంది, అంటే అందులో ఇంధనం సరిగా మండట్లేదు, పీ0300 అయితే ఏదని తేల్చలేని మిస్‌ఫైర్. పీ0016 వస్తే క్రాంక్‌కీ, వాల్వులు తెరిచే క్యామ్‌కీ పొంతన లేదు, టైమింగ్ చైన్ పన్ను దాటిందేమో చూడాలి. కోడ్‌తో పాటు ఆ క్షణంలోని ఆర్‌పీఎం, వేగం కూడా చాలా బండ్లు భద్రపరుస్తాయి, దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్లు చెరిపేసే ముందు దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి, చెరిపాక మళ్లీ రాదు.

అసలైన పరీక్ష కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో కొలవడం. దీన్ని సగం సగం చేస్తే తప్పుడు అంకెలొస్తాయి కాబట్టి దగ్గరుండి చూడండి. బ్యాటరీ నిండుగా ఉండాలి. ప్లగ్గులన్నీ తీసేసి ఉండాలి, ఒక్కటి తీసి ఒక్కటి చూడటం కాదు. కాయిల్ కనెక్టర్లూ ఇంజెక్టర్ కనెక్టర్లూ పీకేయాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి, లేకపోతే గాలి అందదు. సూది పెరగడం ఆగేదాకా, అంటే ఐదారు చుట్లు, ప్రతి సిలిండర్‌కీ సమానంగా సెల్ఫ్ కొట్టాలి. పెట్రోలు ఇంజిన్లలో మామూలుగా 12 నుంచి 14 బార్ ఉంటుంది, గేజీలో పీఎస్ఐ ఉంటే 170 నుంచి 200. డీజిల్ అయితే 20 నుంచి 30 బార్, దానికి వేరే గేజీ కావాలి, పెట్రోలు గేజీ పెడితే గేజీ పోతుంది. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 13, 13, 12.5, 13 ఉంటే బంగారం. 13, 13, 4, 13 ఉంటే మూడోదానిలో వాల్వు వంగింది, నూటికి తొంభై పాళ్లు.

ఆ పది పాళ్ల అనుమానం తీరాలంటే తక్కువొచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగుల దగ్గర లీకు, ఎందుకంటే ఆయిల్ ఆ సందుని కాసేపు మూసింది. పెరగకపోతే వాల్వు. ఇంకా కచ్చితంగా కావాలంటే ఆ సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్ పైకొనకి తెచ్చి ప్లగ్గు రంధ్రంలోంచి గాలి కొట్టే లీక్‌డౌన్ పరీక్ష ఉంది. థ్రాటిల్ దగ్గర బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. లీకు 10 శాతం లోపుంటే దిగుల్లేదు, 20 దాటితే విప్పాలి. గాలి కొట్టేముందు క్రాంక్ బోల్టు మీది పానా తీసేయడం మర్చిపోవద్దు, పిస్టన్ గాలికి కిందికి తన్నితే ఆ పానా చేతిని విరగ్గొడుతుంది.

ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరాలు ఇప్పుడు చవగ్గా దొరుకుతున్నాయి. ప్లగ్గు రంధ్రంలోంచి పంపి పిస్టన్ నెత్తి చూడండి. అక్కడ అర్ధచంద్రాకారంలో కొత్తగా మెరిసే గీత ఉంటే వాల్వు తాకింది, ఇక వాదన అక్కర్లేదు.

కింది భాగం సంగతి ఆయిల్ ఫిల్టర్ చెప్తుంది. ఆయిల్ దించి, ఫిల్టర్ డబ్బా కోయించి లోపలి కాగితం మడతలు పరిచి వెలుతురులో చూడండి. అక్కడక్కడా సన్నటి నలుసు ఉండొచ్చు. మెరుపు పొరలు, రాగి రంగు రేకులు కనిపిస్తే షెల్స్ అరిగిపోతున్నాయి. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే అల్యూమినియమో బేరింగ్ పూతో. ఇంజిన్ నడిచే స్థితిలో ఉంటే శబ్దం కూడా వినండి, పైనుంచి సన్నగా వేగంగా టికటిక అంటే వాల్వుల వైపు, కిందినుంచి బరువుగా డబడబ అంటే రాడ్డు. ఒక్కో సిలిండర్ కాయిల్ కనెక్టర్ క్షణం పీకి చూస్తే ఏదో ఒకదాని దగ్గర ఆ డబడబ తగ్గుతుంది, దోషి అదే.

హెడ్డా, హాఫ్ ఇంజినా, వేరే ఇంజినా

ఒకటి రెండు వాల్వులు వంగి, పిస్టన్ మీద చిన్న గీత మాత్రమే ఉండి, ఫిల్టర్ శుభ్రంగా ఉంటే హెడ్ దించి లేత్ షాపులో పని చేయించుకుంటే సరిపోతుంది. వాల్వులు, గైడులు, సీట్లు, సీళ్లు, అవసరమైతే ఫేసింగ్. టైమింగ్ కిట్ ఎలాగూ వేస్తారు. నా ఉద్దేశంలో గేరు తప్పిన కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడితో ఆగాల్సినవే. అయితే లెక్కలో 8000 దాటిన ఇంజిన్‌కి హెడ్ మాత్రమే చేసి మూసేయొద్దు, సంప్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దించి ఒక్క రాడ్డు క్యాప్ అయినా విప్పి షెల్స్ చూడండి, రాడ్డు బోల్టులు ఎలాగూ కొత్తవి వేయండి. ఫిల్టర్‌లో రేకులు, బ్లాకులో గీతలు, రాడ్డు వంకర అయితే ఉన్న బ్లాకునే బాగుచేసే హాఫ్ ఇంజిన్ పని కాదు, వేరే ఇంజిన్ వైపే చూడటం నయం, ఎందుకంటే బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, పిస్టన్ సెట్ అన్నీ కలిపి, పైగా చేసేవాడి చేతి పనితనం మీద ఆధారపడే రిస్కు కలిపి చూస్తే తేడా పెద్దగా మిగలదు.

ఇన్సూరెన్స్ గురించి అడుగుతారు. మామూలు పాలసీ యాంత్రిక వైఫల్యాన్ని కవర్ చేయదు. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ కూడా ఎక్కువగా నీళ్లు చేరడం, ఆయిల్ కారిపోవడం లాంటి వాటికోసం. మీ పాలసీ కాగితం చదివాకే ఆశ పెట్టుకోండి.

కొనేటప్పుడు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు ఆటోనగర్‌లోనో, విశాఖలో గాజువాక ఆటోనగర్‌లోనో వెతికితే మామూలు మోడళ్ల ఇంజిన్లు దొరుకుతాయి. దొరకడం కష్టం కాదు, సరైనది దొరకడమే కష్టం. పేరు ఒకటైనా ఇంజిన్ ఒకటి కాదు. స్విఫ్ట్ 1197 సీసీ పెట్రోలునే తీసుకోండి, పాతదానిలో సిలిండర్‌కి ఒక ఇంజెక్టర్, 2021 నుంచి వచ్చిన డ్యూయల్‌జెట్‌లో రెండేసి. వైరింగ్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఏవీ కలవవు. 2024 స్విఫ్ట్‌లో అయితే అసలు మూడు సిలిండర్ల ఇంజినే. డీజిల్ 1248లో స్విఫ్ట్, రిట్జ్‌లకి 75 పీఎస్ రకం, ఎస్ఎక్స్4 లాంటి వాటికి వేరియబుల్ టర్బోతో 90 పీఎస్ రకం. బ్లాకు కలిసినా టర్బో, సెన్సర్లు, ఈసీయూ ప్రోగ్రామ్ కలవవు. మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చేసరికి ఈ డీజిల్ ఆపేసింది కాబట్టి, మార్కెట్లో దొరికేవన్నీ వయసు మీరినవే అని గుర్తుంచుకుని బేరమాడండి.

ఇంజిన్ నంబర్ బ్లాకు మీద చదవగలిగేలా ఉండాలి. గ్రైండింగ్ చేసినట్టు, మళ్లీ పొడిచినట్టు అనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి, దొంగబండిది అయితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. ఏ బండి నుంచి తీశారో దాని ఆర్‌సీ కాపీ, బిల్లు మీద ఇంజిన్ నంబరు తప్పనిసరి.

నేల మీద ఉన్న ఇంజిన్‌ని ఇలా చూడండి. ఆయిల్ మూత తీసి లోపల మీగడలాంటి తెల్లటి జిగురు ఉందేమో చూడాలి, ఉంటే నీళ్లు కలిశాయి. ప్లగ్గు రంధ్రాల్లో అదే కెమెరా పెట్టాలి, సిలిండర్ గోడల మీద తుప్పు పట్టిన వరస ఉంటే వరదలో మునిగిన బండిది కావచ్చు. చేత్తో రెండు చుట్లు తిప్పాలి. ఆ తర్వాత పాత గేర్ బాక్సుతోనే, సెల్ఫ్ మోటార్ ఉండగానే, బయట బ్యాటరీ పెట్టి కంప్రెషన్ కొలవమని అడగండి. సెల్ఫ్ మోటార్ బోల్టులు చాలా బండ్లలో గేర్ బాక్సుకే బిగుస్తాయి, అందుకే గేర్ బాక్సు విడదీయకముందే ఈ పని అయిపోవాలి. "స్టార్టింగ్ గ్యారంటీ ఇస్తాం కదా" అంటారు. స్టార్ట్ అవడం వేరు, మంచిగా ఉండడం వేరు. కొలవనివ్వని వ్యాపారి దగ్గర కొనొద్దు.

ఎక్కించే ముందు

ఇంజిన్ బయట ఉన్నప్పుడు వందల్లో అయ్యే పని లోపలికి వెళ్లాక వేలల్లో అవుతుంది. క్రాంక్ వెనక ఆయిల్ సీలు, క్లచ్ సెట్, రిలీజ్ బేరింగ్, వాటర్ పంపు, థర్మోస్టాట్, టైమింగ్ కిట్, బెల్టులు ఇప్పుడే మార్చేయండి. పాత ఫ్లైవీల్, కొత్త ఫ్లైవీల్ పక్కపక్కన పెట్టి పళ్లు, సెన్సర్ రింగు ఒకటేనా అని చూడండి, క్రాంక్ సెన్సర్ చదివే పళ్ల లెక్క తేడా వస్తే ఇంజిన్ ఎంత మంచిదైనా స్టార్ట్ కాదు. ఇంజిన్‌కీ గేర్ బాక్సుకీ మధ్య రెంటినీ సరిగ్గా ఎదురెదురుగా కూర్చోబెట్టే రెండు డోవెల్ పిన్నులుంటాయి, పాత ఇంజిన్‌లోనే ఉండిపోవడం మామూలే. అవి లేకుండా బిగిస్తే క్లచ్ వణుకు, గేర్ బాక్సు షాఫ్టు అరుగుదల తప్పవు. ఆటోమేటిక్ అయితే టార్క్ కన్వర్టర్ పూర్తిగా లోపలికి కూర్చుందో లేదో చూసి బోల్టులు బిగించాలి, బోల్టులతో లాగి కూర్చోబెడితే పంపు పగులుతుంది.

పాత ఇంజిన్ ఇనుప రజను వదిలి ఉంటే ఇంటర్‌కూలర్, దాని గొట్టాలు, ఆయిల్ కూలర్ కడగకుండా కొత్తదానికి తగిలించొద్దు. ఆ రజను మొత్తం కొత్త ఇంజిన్ సిలిండర్లలోకి, టర్బో బేరింగ్‌లోకి, షెల్స్‌లోకి వెళ్తుంది. డీజిల్‌లో ఇంజెక్టర్లు మారితే వాటి మీద చెక్కిన కోడ్లు స్కానర్‌తో ఈసీయూలో నమోదు చేయాలి. ఈసీయూ మాత్రం మీ బండిదే ఉంచుకోండి, దొంగలు స్టార్ట్ చేయకుండా ఆపే ఇమ్మొబిలైజర్ ద్వారా అది మీ తాళానికి ముడిపడి ఉంటుంది.

మొదటిసారి స్టార్ట్ చేయడానికి ముందు ప్లగ్గులు తీసి, ఫ్యూయల్ పంప్ ఫ్యూజు పీకి, విడతలు విడతలుగా సెల్ఫ్ కొడుతూ ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా తిప్పండి. డ్యాష్‌బోర్డు లైటు ఆరిపోవడం చాలదు, అది అర బార్ లోపు పడితేనే వెలుగుతుంది. ఆయిల్ స్విచ్చి స్థానంలో సూది గేజీ పెట్టి చూడండి, ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో కనీసం ఒక బార్, 3000 దగ్గర మూడు బార్ చుట్టుపక్కల ఉంటే నిశ్చింత.

ఎక్కించాక వచ్చే తంటాలు

కొత్త ఇంజిన్ సరిగా నడవకపోతే అందరూ ఇంజిన్‌నే తిడతారు. ముందే కంప్రెషన్ కొలిచి ఉంటే ఆ అనుమానం మీకుండదు, తప్పు బిగింపులోనో పాతదాని నుంచి మార్చిన సామానులోనో ఉంటుంది.

సెల్ఫ్ తిరగకపోయినా, నీరసంగా తిరిగినా మొదట చూడాల్సింది ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు. దీన్ని మర్చిపోవడం ఎంత మామూలో చెప్పలేను. ఇది లేకపోతే కరెంటు క్లచ్ కేబుల్‌లోంచో గేరు కేబుల్‌లోంచో దారి వెతుక్కుంటుంది, కేబుల్ కాలిపోతుంది, సెన్సర్లు పిచ్చి అంకెలు చూపిస్తాయి. జంపర్ కేబుల్‌తో బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిన్ బ్లాకుకి కలిపి చూడండి, సమస్య పోతే దొరికినట్టే.

సెల్ఫ్ బాగా తిరుగుతుంది, స్టార్ట్ కాదు అంటే స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి సెల్ఫ్ కొడుతుండగా ఆర్‌పీఎం అంకె చూడండి. సున్నా ఉంటే క్రాంక్ సెన్సర్, దాని కనెక్టర్, లేదా పైన చెప్పిన పళ్ల రింగు. 200, 250 కనిపిస్తే సెన్సర్ బాగుంది, ఇంధనం వైపు వెళ్లండి. డీజిల్‌లో గాలి తీయకుండా గంటసేపు సెల్ఫ్ కొట్టి మోటారు కాల్చేవాళ్లున్నారు. ముందు ఫిల్టర్ దగ్గర గాలి తీసి, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్లే ఇంధనం ఒత్తిడి) పెరుగుతోందా అని అదే స్కానర్‌లో చూడాలి. స్టార్ట్ అయి రెండు సెకన్లలో ఆగిపోతుంటే ఇమ్మొబిలైజర్ లైటు చూడండి.

ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే వ్యాక్యూమ్ పైపులు. ఒక్క సన్నటి పైపు వదిలేసినా గాలి ఎక్కువై పీ0171 వస్తుంది. ఒకే ఆకారంలో ఉన్న కనెక్టర్లు తారుమారవడం ఇంకో మామూలు తప్పు, పక్కపక్క సిలిండర్ల ఇంజెక్టర్లవి, క్యామ్ సెన్సర్‌దీ ఆయిల్ కంట్రోల్ వాల్వుదీ. ఇంజిన్ దించేముందు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటే ఇది ఐదు నిమిషాల్లో తేలుతుంది. హోండా లాంటి కొన్ని బండ్లలో క్రాంక్ సెన్సర్‌కి కొత్త ఇంజిన్ నడక నేర్పించాలి, ఆ పని చేయకపోతే ఏ దోషం లేకపోయినా మిస్‌ఫైర్ కోడ్లు వస్తుంటాయి. పీ0315 కనిపిస్తే ఇదే. థ్రాటిల్ బాడీ విప్పితే దాని రీలెర్న్ కూడా చేయించండి, లేకపోతే ఐడ్లింగ్ 1500 దగ్గర వేలాడుతుంది.

వేడెక్కుతుంటే గ్యాస్కెట్ అని కంగారు పడకముందు కూలెంట్‌లో ఇరుక్కున్న గాలి తీయండి. హీటర్ ఫుల్లుగా పెట్టి, రేడియేటర్ నిండాక ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడ్లింగ్‌లో ఉంచండి. హీటర్‌లోంచి చల్లగాలే వస్తుంటే ఇంకా గాలి ఇరుక్కుని ఉంది. ఫ్యాన్ కనెక్టర్ పెట్టారో లేదో కూడా చూడండి, నవ్వకండి.

అన్ని ఆర్‌పీఎంలలో వణుకుతుంటే ఇంజిన్ మౌంట్లు. ఇంజిన్ బరువు ఒక మౌంటు మీదే వేలాడుతూ ఉండగా బిగించేస్తే కొత్త మౌంటు కూడా స్టీరింగ్ వణికిస్తుంది. అన్ని బోల్టులూ వదులు చేసి, ఇంజిన్ ఐడ్లింగ్‌లో కాసేపు తనంతట సర్దుకోనిచ్చి, ఆపి మళ్లీ బిగించండి. వణుకు క్లచ్ తొక్కితే మారిపోతుంటే క్లచ్, ఫ్లైవీల్ వైపు చూడాలి.

నీలం పొగ మొదటి రోజు కాస్త వచ్చి తగ్గిపోతే పట్టించుకోవద్దు, నిల్వ ఉన్న ఇంజిన్‌లో ఎక్కడెక్కడో ఉన్న ఆయిల్ అది. వారం తర్వాత కూడా వస్తుంటే వాల్వు సీళ్లు. 500 కిలోమీటర్ల దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్చి ఆ ఫిల్టర్ కూడా కోసి చూడండి. అప్పటిదాకా 3000 దాటించకండి, కూలెంట్ లెవెల్ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూస్తూ ఉండండి.

కాగితాలు, చివరగా ఒక బుష్

ఆర్‌సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది కాబట్టి మార్చాక ఆర్టీవో ఆఫీసులో కొత్త నంబరు నమోదు చేయించాలి. బండిలో మార్పుల సంగతి మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 కింద వస్తుంది. బిల్లు, పాత బండి ఆర్‌సీ కాపీ, ఇన్సూరెన్సు పట్టుకుని ముందే వెళ్లి మీ ఆఫీసులో ఏ ఫారాలు, ఏ క్లియరెన్స్ అడుగుతారో కనుక్కోండి. బండి మీద లోను ఉంటే ఫైనాన్స్ వాళ్ల రాతపూర్వక అనుమతి కావాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పండి, రేపు క్లెయిమ్‌లో సర్వేయర్ బ్లాకు మీది నంబరే చూస్తాడు.

అసలు గేరు ఎందుకు తప్పిందో కూడా చూడండి. ప్రతిసారీ మీ చెయ్యే కారణం కాదు. గేరు లివర్ కింద, గేర్ బాక్సు దగ్గర కేబుల్ చివర ప్లాస్టిక్ బుష్‌లుంటాయి. అవి అరిగితే లివర్ న్యూట్రల్‌లో ఎటు పడితే అటు ఊగుతుంది, మూడు నాలుగుల గాడి ఎక్కడుందో చేతికి తెలియదు. ఇంజిన్ మౌంట్లు కుంగినా యాక్సిలరేటర్ వదలగానే ఇంజిన్ వెనక్కి ఒరిగి లివర్‌ని పక్కకి లాగుతుంది. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో లివర్ వదిలేయండి. అది తనంతట తాను మూడు నాలుగుల మధ్య గాడికి వచ్చి ఆగాలి. రాకపోతే ఆ బుష్‌లు, కేబుల్ అడ్జస్ట్‌మెంట్ చేయించాకే బండి హైవే ఎక్కించండి.